ఏడింటి పంటు

మా లంకకి నాయకుడి కంటే ముందు ఆయన తెచ్చే పలహారం దిగుతుంది. రేవులో ఏం దిగిందో చూసి ఆ నెల మాటామంతీ ఎలా ఉంటుందో మేం ముందే చెప్పేస్తాం. ఒట్టి టీ క్యాన్ దిగిందనుకోండి, ఇచ్చేదీ లేదు, పట్టుకుపోయేదీ లేదు. దాంతోపాటు బిస్కెట్లు దిగితే కిందటి నెల ఒప్పుకున్న పని కాలేదన్నమాట. మిక్చరు పొట్లాలైతే పైనుంచి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, చప్పట్లకి చేతులు ఖాళీగా పెట్టుకోవాలి. స్వీటు దిగిందంటే మాత్రం ఆడవాళ్ళు పొయ్యి మీది కూర దించేసి మరీ వస్తారు. నోరు తీపి చేసి ఏం తీసుకెళ్తాడో దగ్గరుండి చూసుకోవద్దూ?

ఆ నెల బందరు లడ్లు దిగాయి.

నా షెడ్డు రేవులోనే. అట్టపెట్టెలు దిగడం చూసి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"లడ్లు," అన్నాను.

"అమ్మో," అంది.

కృష్ణ సముద్రంలో కలిసే ముందు కాస్త మట్టి వదిలేసి పోయింది. ఆ మట్టి మీద మేముంటాం. నాలుగు వైపులా నీళ్ళే. బెజవాడ బస్సు ఎక్కాలన్నా, జ్వరానికి బిళ్ళ కొనాలన్నా పంటు ఎక్కి అవతలి గట్టుకి పోవాల్సిందే. పంటు అంటే రెండు పడవల మీద బల్లలు పరిచి ఇంజిను బిగించిన వాహనం. మనుషులు, మోటారుసైకిళ్ళు, గేదెలు అన్నీ ఒకే తరగతి ప్రయాణం. పంచాయతీ గట్టు మీది ఊరిది, మేం దానికి తోక. ప్రెసిడెంటు గారు కూడా గట్టు మీదే ఉంటారు. సర్పంచి అంటే ఆయనకి చొక్కా ఇస్త్రీ లేనట్టుంటుంది, అందుకే అందరం ప్రెసిడెంటు గారనే అంటాం. నెలకోసారి, మొదటి శనివారం మధ్యాహ్నం, ఆయన లంకకి వచ్చి తుఫాను షెల్టర్లో కూర్చుని మా మంచిచెడ్డలు వింటారు. దానికి మాటామంతీ అని ఆయనే పేరు పెట్టారు. మాట ఆయనది, మంతి మాది.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. అప్పట్లో పంటు లేదు, తెడ్డు పడవే. గాలి ఎటుంటే ఆ పూట చదువు అటు. తర్వాత ఆటోనగర్‌లో కొన్నేళ్ళు డీజిలు ఇంజిన్ల కింద పడుకుని పని నేర్చుకుని, మళ్ళీ లంకకే వచ్చి షెడ్డు వేసుకున్నాను. నీళ్ళ మోటార్లు, పడవ ఇంజిన్లు బాగుచేస్తాను. చేతులు ఇంజిన్లో ఉంటాయి కాబట్టి నోరు ఖాళీ. అందుకని జోకులేస్తాను. లంకలో నా మాటకి నవ్వడం అందరికీ ఎంత అలవాటైపోయిందంటే, మా అమ్మ పోయిన రోజు కబురు చెప్పడానికి వెళ్తే కూడా ఒకాయన ముందు నవ్వి, తర్వాత ఏడ్చాడు.

మా అమ్మాయి అవతలి గట్టున టౌన్లో పాలిటెక్నిక్ చదువుతోంది. ల్యాబు అయిదున్నర దాకా ఉంటుంది. ఆఖరి పంటు అయిదింటికే. పిల్ల రోజూ ల్యాబు సగంలో వదిలేసి, సంచి గుండెకి హత్తుకుని రేవుకి పరిగెత్తేది. ఇలాగైతే ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వం అని లెక్చరర్ చెప్పేశారట. హాస్టల్లో వేసే తాహతు మాకు లేదు, గట్టు మీద చుట్టాలు లేరు. చదువు ఆపేద్దామన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకుండానే అది వచ్చి మా మధ్య మంచం మీద కూర్చుంది. ఏడింటికి ఒక పంటు ఉంటే చాలు, లేచి పోతుంది.

అడిగేస్తే అయిపోయేదానికి ఇంత కథెందుకని మీరు అనుకోవచ్చు. మా లంకలో ఎవరి అవసరం వాళ్ళు అడగరు.

ఒకప్పుడు అడిగేవాళ్ళం. మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన, తన గుమ్మం ముందు స్తంభానికి లైటు కావాలని మాటామంతీలో తన నోటితోనే అడిగాడు. వారంలో వెలిగింది. ఆ తర్వాత గట్టు మీద ఊరేగింపుకి జెండా పట్టుకునే మనిషి తక్కువైతే "లైటాయన్ని పిలవండి". ప్రెసిడెంటు గారి చుట్టాల పెళ్ళిలో వడ్డనకి మనిషి కావాలంటే "లైటాయన ఉన్నాడుగా". కాదంటే ఎలా, లైటు వెలుగుతోంది కదా! చివరికి ఒక తెల్లవారుజామున ఆయనే రాయి తీసుకుని ఆ బల్బు పగలగొట్టుకున్నాడు.

అది చూశాక మాకు బుద్ధొచ్చింది. నాట్లప్పుడు ఒకరి చేలో ఒకరు బదులు చేసుకున్నట్టు, మాటామంతీలో నోళ్ళు బదులు పెట్టుకుంటాం. నాకు కావాల్సింది నువ్వడుగు, నీకు కావాల్సింది నేనడుగుతాను. ఎవరి తోక ఎక్కడుందో తెలియకపోతే ఆయన మాత్రం దేన్ని పట్టుకుంటాడు?

నాకు బదులు నోరు మా బాబాయి. మాది చర్చి వీధి, ఆయనది రామాలయం వీధి. అయినా బాబాయి వరస మా తాతలనాటి నుంచీ ఉంది. పడమటి కొసన ఆయనకి వరి చేను ఉంది. మురుగుకాలవ తూము తలుపు తుప్పుపట్టి చిల్లులు పడింది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళు వెనక్కి తన్ని ఆయన చేలోకి వస్తున్నాయి. ఆ సంగతి నేను అడగాలి, నా పంటు సంగతి ఆయన అడగాలి. ముందురోజు నా షెడ్డులో ఇద్దరం రిహార్సల్ వేసుకున్నాం.

"ఏడింటికని అననా, సాయంత్రమని అననా?" అన్నాడు బాబాయి.

"ఏడింటికనే అను బాబాయ్. సాయంత్రమంటే నాలుగింటికి ఇంకోటి వేస్తాడు."

"సర్లే. నువ్వు నా తూము మాట జోకుల్లేకుండా అడుగు."

"నేనెప్పుడు జోకులేశాను?"

"కిందటి నెల అవతల వీధి వాళ్ళ గేదెలకి డాక్టరు కావాలని లేచి, మనుషుల డాక్టరు ఎలాగూ రాడు, కనీసం పశువుల డాక్టరన్నా పంపండి అన్నావు. అందరూ నవ్వారు. డాక్టరు రాలేదు."

శనివారం షెల్టర్ నిండింది. ప్రెసిడెంటు గారు ఫ్యాను కింద, పక్కనే పంచాయతీ సెక్రటరీ మేడం గారు. ఆవిడ మంగళగిరి నుంచి కొత్తగా వచ్చింది. నీళ్ళంటే భయమట, పంటులో వేసుకున్న నారింజ రంగు లైఫ్ జాకెట్ సమావేశం అయ్యేదాకా విప్పదు. భయం నీళ్ళంటేనో మేమంటేనో మాకింకా తేలలేదు.

"ఏవన్నా ఇబ్బందులుంటే మొహమాటపడకుండా చెప్పండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

బాబాయి కండువా సర్దుకుని లేచాడు. "మా ఇంటికోసం కాదండీ. రాత్రి ఏడింటికి కూడా ఒక పంటు ఉంటే బాగుంటుందని లంకలో నలుగురూ అనుకుంటున్నారు."

మామూలుగా అయితే "ఎవరండీ ఆ నలుగురు" అని ఆయన అడగాలి. దానికి బాబాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. డీజిలు ఎక్కడిదంటారు. దానికీ ఉంది.

"అలాగే," అన్నారు ప్రెసిడెంటు గారు. "సోమవారం నుంచి నడుస్తుంది."

మాకు కాదని అంటే అలవాటు. చూద్దాం అంటే ఇంకా అలవాటు. అక్కడికక్కడే అవునంటే ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు, చప్పట్లు కూడా మర్చిపోయాం. మిగతా వాదనంతా నోట్లోనే మిగిలిపోయి బాబాయి అలాగే నిలబడ్డాడు. పక్కవాళ్ళు చొక్కా పట్టి లాగితే కూర్చున్నాడు.

నేను లేచి జోకుల్లేకుండా తూము సంగతి అడిగాను.

"చూద్దాం," అన్నారు.

హమ్మయ్య, ఈ భాష మాకు తెలుసు అన్నట్టు జనం కాస్త కదిలారు. తర్వాత లడ్లు పంచారు. నేను నాది రెండుగా విరిచి లోపల చూసుకుని తిన్నాను.

ఆ సాయంత్రమే లంకంతా ఒకటే గుసగుస. అడగ్గానే ఒప్పుకున్నాడంటే ఏదో ఉంది. రాత్రిపూట ఇసుక తోలుకుపోతాడని ఒకళ్ళు. లంకని టూరిస్టులకి అమ్మేశాడు, వాళ్ళకి పంటు అలవాటు చేస్తున్నాడని ఇంకొకళ్ళు. నా షెడ్డు ముందు కూర్చున్నవాళ్ళు నన్ను కూడా అడిగారు, నీకేమనిపిస్తోందిరా అని. ఇంజిన్లోంచి తల బయటపెట్టకుండానే అన్నాను: "ఏముంది, ఏడింటి పంటు ఎక్కినవాళ్ళని ఫోటో తీసి, ఆయన చలవ వల్ల ఇల్లు చేరినవాళ్ళు వీళ్ళే అని గట్టు మీద ఫ్లెక్సీ కట్టిస్తాడు."

నవ్వారు. లేచి వెళ్ళారు. మర్నాడు చర్చి అయ్యాక, మెట్ల దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆ పంటు ఎక్కకండి బాబూ, ఫోటోలు తీసి ఫ్లెక్సీ కడతారంట. ఫ్లెక్సీ కొలతలు కూడా తీసుకున్నారంట, మా మరిది చూశాడు." వాట్సాప్‌లో వాయిస్ మెసేజి కూడా తిరుగుతోందట. నేను పుట్టించిన మాటే అని తెలిసి కూడా, కొలతలు తీసుకున్నారనేసరికి నాకు గుండె కాస్త జారింది.

సోమవారం ఏడింటికి పంటు వచ్చింది. ముందు లైటు వేసుకుని, నీళ్ళ మీద పచ్చటి చార గీసుకుంటూ, అచ్చం అడిగినట్టే వచ్చింది. ఒక్క మనిషి దిగలేదు. నేను షెడ్డు తలుపు సందులోంచి చూస్తున్నాను. రేవులో ఆగి, మళ్ళీ కదిలి, ఒడ్డు వెంబడే పడమటి కొసకి పోయింది. టార్పాలిన్ కింద బస్తాలున్నాయి. మూల లేచినప్పుడు పైన రొయ్య బొమ్మ కనపడింది. పడమటి కొసన ప్రెసిడెంటు గారి అల్లుడు కౌలుకి తీసుకుని తవ్వించిన రొయ్యల చెరువులున్నాయి. ఆ బస్తాలు వాటి మేత.

మీరు నమ్మరు కానీ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పరిగెత్తి మా ఆవిడకి చెప్పాను. "దొరికింది! ఆయన లాభం ఎక్కడుందో దొరికింది!" ఊరికే చేసే మంచికే మేం భయపడతాం. లాభం కళ్ళకి కనపడితే ఇక భయమెందుకు? ఆయన మేత ఆయన తోలుకుంటాడు, మా పిల్ల మా ఇంటికొస్తుంది.

"అయితే రేపట్నుంచి ఎక్కమనండి," అంది మా ఆవిడ.

అక్కడే చిక్కొచ్చింది. లంక మొత్తం ఎక్కకుండా కూర్చుంటే, ఎక్కిన ఒక్క పిల్లా మా పిల్లే అవుతుంది. అడిగిన నోరు ఎవరిదైనా అవసరం మాదేనని మర్నాటికల్లా గట్టంతా తెలిసిపోతుంది. రెండో చిక్కు బాబాయి. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు వదిలేది ఆ మురుగుకాలవలోకే. ఆ చెరువులకి మేత తెచ్చే పంటుని అడిగింది ఆయన నోరే.

"నీ పంటు నా చేను మీదినుంచి నడుస్తోందిరా," అన్నాడు మర్నాడు వచ్చి. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి.

ఆ నెలంతా పిల్ల అయిదింటి పంటుకే పరిగెత్తింది. ఏడింటిది ఎదురుగానే వస్తూ పోతూ ఉంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగింది.

"నాన్నా, నీకు అనుమానం ఆయన మీదా, పంటు మీదా, నా మీదా?"

"నీ మీదెందుకే?"

"మరి రోజూ ఆపుతున్నది నన్నేగా."

నేను మజ్జిగ అడిగాను.

తర్వాతి మాటామంతీకి మిక్చరు పొట్లాలు, లడ్లు రెండూ దిగాయి. ఇలా కలిపి రావడం మేమెప్పుడూ చూడలేదు. ప్రెసిడెంటు గారు కూర్చుంటూనే మొదలుపెట్టారు.

"ఏడింటి పంటు అడిగారు, వేశాం. నెల్లాళ్ళుగా ఖాళీగా తిరుగుతోంది. ఎవరికీ అక్కర్లేకపోతే ఆపేద్దాం. ఏమండీ పెద్దాయనా, అడిగింది మీరేగా? ఎవరికోసం అడిగారు?"

ఖాళీగా, అన్నారు. బస్తాలు ఆయన కంటికి ఆనలేదు. ఆపేది కూడా లేదు, ఆపితే అల్లుడి రొయ్యలు పస్తుంటాయి. ఆయనకి కావాల్సింది పంటు సంగతి కాదు, తోక ఎవరిదో. అంత తెలిసినా నా కళ్ళు బాబాయి వైపే తిరిగాయి. ఆయన మా పేరు చెప్పచ్చు. ఎవరికోసమూ కాదు, ఆపేయండి అనచ్చు. ఆయన చేను వైపునుంచి చూస్తే రెండోది అనడమే న్యాయం. ఇంతకాలం ఒకరి నోరు ఒకరం వాడుకున్నాం, ఆ నోట్లో ఏముందో నాకు మొదటిసారి తెలియలేదు.

బాబాయి కండువాతో మొహం తుడుచుకున్నాడు. లేవలేదు. నా వైపు చూడలేదు.

వెనక ఆడవాళ్ళ వరసలో మా అమ్మాయి ఉంది, శనివారం ల్యాబు లేదని వచ్చింది. ఒళ్ళో సంచి లేకపోయినా చేతులు మాత్రం సంచి పట్టుకున్నట్టే ఉన్నాయి.

నేను లేచాను. "నాకోసమండీ. మా అమ్మాయికి కావాలి. ల్యాబు అయ్యాక రావడానికి."

షెల్టరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సొంత అవసరం సొంత నోటితో, అదీ నేను! ఇంతకంటే జోకేముంది? ప్రెసిడెంటు గారు కూడా నవ్వారు. మేడం గారి లైఫ్ జాకెట్ కూడా ఊగింది. నిజమండీ అన్నాను, ఇంకా నవ్వారు. ఒట్టండీ అన్నాను, ఒకాయన చప్పట్లు కొట్టాడు.

వెనకనుంచి మా ఆవిడ లేచింది. "నవ్వకండి. ఆయన ఇక్కడ వేసే ప్రతి జోకూ ముందు ఇంట్లో నా మీద వేసి చూసుకుంటాడు. ఇది వెయ్యలేదు."

నవ్వు ఆగింది.

"అలాగా, మీ అమ్మాయికా," అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ గొంతులో లడ్డు పాకం ఉంది. "ఈ మాట ముందే చెప్పచ్చుగా. మన పిల్ల కాదూ!"

మన పిల్ల. పట్టుకున్నాడు అనుకున్నాను.

అప్పుడు లేచాడు బాబాయి. "పంటు ఉండాలండీ. అడిగింది నేనే, ఇప్పుడూ అడుగుతున్నాను. దాంట్లో వచ్చే మేత బస్తాలు ఎవరడిగారో వాళ్ళు కూడా లేచి చెప్తే బాగుంటుంది. నా చేలోకి ఉప్పునీళ్ళు వస్తున్నాయి. ఎవరి చేలోకో కాదండీ, నా చేలోకే."

మేడం గారి పెన్ను ఆగింది. ప్రెసిడెంటు గారు మంచినీళ్ళు తాగి, తూము సంగతి చూద్దాం అన్నారు. బస్తాల సంగతి ఏమీ అనలేదు.

సోమవారం నుంచి మా అమ్మాయి ఏడింటి పంటు ఎక్కడం మొదలుపెట్టింది. మొదట్లో తనొక్కతే. తర్వాత గట్టు మీద బట్టల షాపులో పనిచేసే ఒకావిడ, ఆ తర్వాత ఇంకొకరు. నేను మాత్రం రోజూ ఆరున్నరకే రేవులో నిలబడేవాణ్ణి, జెండా పట్టుకోమని ఎప్పుడు కబురొస్తుందా అని.

కబురు రాలేదు, ప్రెసిడెంటు గారి బామ్మర్దే వచ్చాడు. రేవులో నా పక్కనే నిలబడి ఫోన్ తుడుచుకుంటున్నాడు. పంటు ఆనగానే లైటు వేసి ముందుకెళ్ళాడు.

"అమ్మాయ్, అలాగే కూర్చో. కొంచెం నవ్వు. చేతులు జోడించు. ఫ్లెక్సీకి."

నా జోకు! ప్రాణం పోసుకుని, ఫోన్ పట్టుకుని మరీ వచ్చింది.

మా అమ్మాయి కూర్చున్నది బస్తాల మీద. అక్కడినుంచి లేవలేదు. పక్కనున్న టార్పాలిన్ మూల పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తీసింది.

"తీయండి అన్నయ్యా. బస్తాలు కూడా పడేలా తీయండి. రొయ్య బొమ్మ బాగా కనపడాలి."

బామ్మర్ది ఫోన్లోంచి చూశాడు. ఫోన్ దించి బస్తాలు చూశాడు. మళ్ళీ ఫోన్ ఎత్తి, ఛార్జింగ్ లేదమ్మా అని జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, చొక్కా జేబులోంచి.

షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్న బాబాయి అంతా చూశాడు.

"ఒరేయ్, దీని నోరు నాకు బదులిస్తావా?"

"నన్నడుగుతావేంటి బాబాయ్, దాన్నడుగు."

"మీరే బాగా అడుగుతారు తాతయ్యా," అంది మా అమ్మాయి రేవు మెట్లెక్కుతూ. "నేను పక్కన నిలబడతాను."

మొన్న శనివారం రేవులో ఏమీ దిగలేదు. లడ్లు లేవు, మిక్చరు లేదు, టీ క్యాన్ కూడా లేదు. ప్రెసిడెంటు గారు ఒట్టి చేతులతో దిగారు. దీనర్థమేంటో లంకలో ఎవరికీ తెలియదు. భయపడ్డాడని కొందరు, కోపమొచ్చిందని కొందరు, టీ పెట్టేవాడికి జ్వరమని ఇంకొందరు. తూము అయితే ఇంకా అలాగే ఉంది. బాబాయి లేచి మళ్ళీ అడిగాడు, మా అమ్మాయి పక్కన నిలబడింది. మేడం గారు వచ్చే వారం వచ్చి చూస్తానన్నారు. జాకెట్ వేసుకునే అన్నారు.

ఈ రోజు కూడా పంటు ఏడింటికే వచ్చింది. మా అమ్మాయి దూరంనుంచే చెయ్యి ఊపింది. నేను ముందు టార్పాలిన్ కింద ఏముందో చూసుకుని, తర్వాత ఊపాను.